రెండు మరలు, ఒక కన్నం

ఈ వీధి మొదట్లో పిండిమర నడుపుతున్న నేను, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివితో, స్థిమితమైన మనసుతో, నా సొంత దస్తూరితో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు వేరే వీలునామా ఏదీ రాయలేదు. నా తదనంతరం ఇది అమలులోకి రావాలి. అంతకుముందే దీన్ని ఎవరైనా దొంగచాటుగా తెరిచి చదివితే, ఆ చదివింది నా తమ్ముడేనని నేను అనుకుంటాను.

రాస్తున్నది నేనేనని కూడా ఒక మాట రాయాలి. మామూలుగా ఎవరికీ ఆ అవసరం రాదు. నాకు వచ్చింది. నా తమ్ముడు కోర్టులో, జడ్జిగారు వింటుండగా, "ఈయన మా అన్నేనా అని నాకే అనుమానమండీ. మోకాలు మార్పించాడు, కళ్లు మార్పించాడు, పళ్లు మార్పించాడు. ఇక మిగిలిందేముంది?" అన్నాడు. నిజమే. ఎడమ మోకాలు స్టీలు. రెండు కళ్లలోనూ అద్దాలు పెట్టారు. పై వరస పళ్లు పడుకునే ముందు గ్లాసులోకి వెళతాయి. గుండె పక్కన అగ్గిపెట్టెంత బ్యాటరీ ఉంది. కానీ వాడిమీద కోపం మాత్రం పాతదే, అందులో ఒక్క పార్టు కూడా మార్చలేదు. నన్ను గుర్తుపట్టడానికి అది చాలు.

1. ఈ వీలునామాను అమలు జరిపించే బాధ్యత ఎదురుషాపులో తాళాలు బాగుచేసే ఆయనకు అప్పగిస్తున్నాను. ఆయన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. కొందరు వచ్చి తాళంకప్ప మార్చి తాళంచెవి అదే ఉంచమంటారు. మరో ఏడాదికి వచ్చి తాళంచెవి అరిగింది, అది మార్చి కప్ప అదే ఉంచమంటారు. ఆ తర్వాత ఎవరడిగినా "మా తాతల నాటి తాళం" అని చెప్పుకుంటారు. ఆయన ఎదురుగా కూర్చుని వింటాడు, నవ్వడు, కాదనడు. ఇలాంటి మనిషి నా కుటుంబంలో లేడు.

2. నాకున్న ఆస్తి ఒకే ఒక పిండిమర. అది మా నాన్న పెట్టిన మర. ఇక్కడే గొడవంతా మొదలవుతుంది కాబట్టి కాస్త ఓపిక పట్టాలి.

యాభై రెండేళ్ల కిందట ఈ మేడ సొంతదారు, అంటే ఇప్పటి మేడమీదాయన తండ్రి, కింది గది మా నాన్నకు ఇస్తూ తన చేత్తో ఒక ఒప్పందం కాగితం రాశాడు. ఆయన దగ్గర నకలు లేదు. మా కాగితాన్ని నాన్న సన్నగా మడిచి, గోధుమల డబ్బా మూత లోపలివైపు అతికించాడు. అంతకంటే భద్రమైన చోటు లేదని ఆయన నమ్మకం. అతికించింది పిండి ఉడకబెట్టిన జిగురుతో. పిండిమరలో, పిండి జిగురుతో అతికించిన కాగితాన్ని పురుగు తినకుండా ఉంటుందా? మా నాన్న తెలివైనవాడే గానీ ఆ పూట తెలివి ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. మేం డబ్బా మూత విప్పి చూసేసరికి అసలైన వాక్యం ఇలా మిగిలింది: "ఈ మర ఈ గదిలో", ఆ తర్వాత మూడు వేళ్లు పట్టే కన్నం, కన్నం తర్వాత "న్నంత కాలం గది వీళ్లదే. నేను గానీ నా వారసులు గానీ ఖాళీ చేయించకూడదు."

పదకొండేళ్లుగా కోర్టులో నడుస్తున్నది ఈ కన్నం గురించే.

నా తమ్ముడు దాన్ని "ఉన్నంత కాలం" అని చదువుతాడు. నేను "ఆడుతున్నంత కాలం" అని చదువుతాను. మర ఉండటం వేరు, మర ఆడటం వేరు. వాడి వాదన ఏమిటంటే, నాన్న మర ఆ గదిలో లేదు, అన్నయ్య దాన్ని ముక్కముక్కగా పారేసి వేరే మర పెట్టుకున్నాడు, అసలు మర నా ఇంట్లో ఉంది, దాన్ని గదిలోకి చేర్చి అన్నయ్య మరను బయట పెట్టించండి అని. నా వాదన ఏమిటంటే, నాన్న పోయిన మూడోరోజు దగ్గర్నుంచి ఇవాళ పొద్దుటి దాకా ఆ గదిలో ఆడుతున్నది ఒకే మర, పార్టు అరిగితే పార్టు మారుస్తాం, అంతమాత్రాన మర మారదు అని. మొదటి జడ్జిగారు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, "దీన్ని 'మీరు తన్నుకున్నంత కాలం' అని కూడా చదవచ్చు కదా" అన్నారు. ఆయన బదిలీ అయ్యారు. ఇప్పుడు మూడో జడ్జిగారు. వచ్చే నెల స్వయంగా వచ్చి రెండు మరలూ చూస్తానన్నారు. డాక్టరు మాటల్ని బట్టి చూస్తే ఆ రోజుకి నేను ఉండకపోవచ్చు. నా కూతురు ఒక్కతే నిలబడాలి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మా తాళాలాయన ఒకసారి ఆ కాగితం చూసి, "ఇంత కన్నానికి ఒక్క 'ఉ' ఏం సరిపోతుంది? 'ఆడుతు' వేసినా ఇంకా బోలెడంత గాలి ఆడుతుంది" అన్నాడు. ఆ రోజు నేను మాట మార్చాను.

3. నా తమ్ముడి దగ్గర ఉన్న మర గురించి. వాణ్ణి మా వీధిలో భద్రం అంటారు. అది పేరు కాదు. చిన్నప్పటి నుంచీ ఏ మేకు దొరికినా, ఏ మూత దొరికినా "భద్రం" అంటూ దాచేవాడు, అదే మిగిలిపోయింది. నాన్న పోయిన నెలకు నేను చెక్క తొట్టి తీసేసి రేకు తొట్టి పెట్టించాను. తొట్టి అంటే మరపైన గింజలు పోసేది. పాత చెక్కకు పురుగు పట్టింది. దాన్ని పాతసామాన్ల బండిలో వేయిస్తుంటే వీడు పరిగెత్తుకొచ్చి, "నాన్న చెయ్యి ఆనిన చెక్క అది, అన్నయ్యా. చెత్తబండిలో వేస్తావా?" అన్నాడు. నేను, "పిండిలో పురుగులు పడుతుంటే నాన్న వచ్చి ఏరతాడా?" అన్నాను. అనకూడని మాటే. కానీ సరైన మాట. వాడు తొట్టిని నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ముప్ఫై ఏళ్లుగా ఈ గుమ్మం తొక్కలేదు.

అప్పటినుంచి నేను తీసేసిన ప్రతి పార్టూ వాడింటికి చేరింది. మొదట మోటారు, తర్వాత బెల్టు చక్రాలు, బేరింగులు, ఇరుసు, చివరికి ఇనుప స్టాండు, రాళ్లు. పాతసామాన్ల బండివాడు అమ్ముకుంటున్నాడనుకున్నాను. నా భార్య పోయాక ఆవిడ పెట్టె తీస్తే నూనెగుడ్డలు, ఇసుక కాగితం, తమ్ముడి ఇంటి సంచులు రెండు కనిపించాయి. పారెయ్యమని నేనిచ్చిన పార్టుల్ని తుడిచి, తుప్పు గీకి, నూనె రాసి వాడికి పంపింది ఆవిడే. ఇరవై రెండేళ్లు నా పక్కన కూర్చుని పిండి జల్లిస్తూ ఒక్క మాట బయటపెట్టలేదు. ఆవిడ మీద నాకున్న ఫిర్యాదు ఈ వీలునామాలో రాయను. అది నేనే వెళ్లి చెప్పుకుంటాను.

వాడు వాటన్నిటినీ ముందుగదిలో మళ్లీ బిగించాడు. మరమీద దుప్పటి కప్పి ఉంచుతాడట. మనుషులు కూర్చోవాల్సిన గదిలో మర కూర్చుంది, మనుషులు వరండాలో కూర్చుంటారు. ఆ మర ఆడదు. అరిగిపోయినవని తీసేసిన పార్టులన్నీ ఒకచోట చేరితే అరుగుదలంతా ఒకచోట చేరినట్టే. వాడికి అది తెలుసు. ఆడించడానికి కాదు, చూసుకోవడానికి పెట్టుకున్నాడు.

4. రాళ్ల సంగతి. ఇది ఆస్తికి సంబంధించింది కాదు, కానీ నా తమ్ముడి ప్లీడరు చదవాలి. ఆయన్ని మేం వాయిదాలాయన అంటాం. ఆయన కోర్టులో చెయ్యెత్తి, "తండ్రిగారి అసలు రాళ్లు, నూటికి నూరుపాళ్లు, మా కక్షిదారు ఇంట్లో ఉన్నాయి" అన్నాడు. నూటికి నూరుపాళ్లు ఎలా ఉంటాయి? మర రాయి పనిచేసేదే అరుగుతూ. గాట్లు నున్నబడతాయి, ఉలితో మళ్లీ కొడతాం, మళ్లీ నున్నబడతాయి. నాన్న తెచ్చినప్పుడు జానెడు మందం ఉన్న రాయి, తీసేసే రోజుకి నాలుగు వేళ్లు మిగిలింది. మిగతాది ఎక్కడికి పోయింది? పిండిలోకి. పిండి ఎక్కడికి పోయింది? ఈ వీధిలో ప్రతి వంటింటికీ. నాన్న రాళ్లలో సగానికి పైగా ఈ వీధి తినేసింది. నేను తిన్నాను, నా తమ్ముడు తిన్నాడు, వాయిదాలాయన కూడా ఈ వీధిలోనే పెరిగాడు గనుక ఆయనా తిన్నాడు. అసలు మరను గదిలోకి చేర్చాలంటే ముందు మమ్మల్నందర్నీ గదిలోకి చేర్చాలి. ఈ మాట కోర్టులో చెప్పబోతే మా ప్లీడరు నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

5. చిన్నచిన్నవి.

వాయిదాలాయనకు నా పై వరస పళ్లు. ఆయన ఎన్నోసార్లు "ఈ పెద్దాయన పళ్లు కొరుకుతున్నాడు, రాసుకోండి" అని గుమస్తాకి చెప్పాడు. ఇక ఆయనే ఉంచుకుని కొరుక్కోవచ్చు.

మరదలికి, అంటే తమ్ముడి భార్యకు, గుమ్మం పక్కనున్న ముక్కాలిపీట. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ గోధుమల డబ్బా చంకన పెట్టుకుని నా గుమ్మం ముందునుంచే పక్కవీధి మరకు నడిచింది. ఎండైనా, వానైనా, మెడ కూడా తిప్పలేదు. రెండుసార్లు డబ్బా బరువుకు ఆగి మా గోడకు ఆనుకుంది. పీట ఇవ్వాలని రెండుసార్లూ లేచాను, రెండుసార్లూ మళ్లీ కూర్చున్నాను. దాని మూడు కాళ్లూ నేను మార్చినవే. కూర్చునే చెక్క మాత్రం మా మామగారు చేసింది. నా తమ్ముడి లెక్క ప్రకారం అది పీట కాదు, నా లెక్క ప్రకారం పీటే. ఆవిడ కూర్చుని చూసి చెప్పవచ్చు.

మా ఇంటికి రోజూ వచ్చి, "ఇంకా రాజీ పడలేదా?" అని అడిగే పక్కింటి పెద్దమనిషికి ఏమీ లేదు.

6. ఇక నన్ను ఇరుకున పెట్టిన సంగతి. వీలునామా రాయిద్దామని మా ప్లీడరు దగ్గరికి వెళ్లి, మరను నా కూతురికి రాయమన్నాను. తొమ్మిదేళ్లుగా మర నడుపుతున్నది ఆ పిల్లే. రాళ్ల చప్పుడు విని సందు ఎక్కువైందో తక్కువైందో చెప్పేస్తుంది. ప్లీడరు కళ్లజోడు తీసి, "మర స్వార్జితమా, పిత్రార్జితమా?" అని అడిగాడు. స్వార్జితమైతే నా ఇష్టం వచ్చినవాళ్లకు రాసుకోవచ్చు. కానీ అప్పుడది నాన్న మర కాదు, నేను పెట్టుకున్న కొత్త మర, గది మీద హక్కు పోతుంది. పిత్రార్జితమైతే అది నాన్న మరే, గది నిలుస్తుంది. కానీ అందులో సగం తమ్ముడిది, మొత్తం రాసివ్వడం నా చేతిలో లేదు. "మీరు పదకొండేళ్లుగా అది మీ నాన్నగారి మరేనని ప్రమాణం చేసి చెబుతున్నారు. మీ మాట నెగ్గితే మీ తమ్ముడికి సగం వెళుతుంది. ఓడితే మీ అమ్మాయికి గది లేని మర మిగులుతుంది" అన్నాడు. ఆయన గది మెట్లు దిగుతుంటే స్టీలు మోకాలు కూడా నొప్పి పెట్టింది.

ఇంటికొచ్చి చెబితే నా కూతురు కనుబొమల మీద పిండి దులుపుకుంటూ, "మీరిద్దరూ పోయాక నేను కన్నం పట్టుకుని కూర్చోవాలా, నాన్నా?" అంది. తొట్టిలో గింజలు పోయడానికి వెళ్లిపోయింది.

7. కాబట్టి, ప్రమాణం చేసి ఇంతకాలం చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ కన్నంలో ఉన్నది "ఉ" కాదు. "ఆడుతు" కూడా కాదు.

ఆ కాగితం రాసిన రోజు నాకు ఇరవై ఆరేళ్లు, తమ్ముడికి పందొమ్మిది. ఇద్దరం గదిలోనే ఉన్నాం. నాన్నకు చదువు రాదు. మేడ సొంతదారు రాసినదంతా పైకి చదివి వినిపించాడు. ఆయన మొదట రాయబోయింది వేరు. నాన్నే అడ్డుపడి, "అయ్యా, నా కొడుకులు ఒకడు పారేసే రకం, ఒకడు దాచే రకం. నేను పోతే ఒకరి మొహం ఒకరు చూసుకోరు. గది కోసమైనా కలిసి ఉండేట్టు రాయండి" అన్నాడు. ఆయన అలాగే రాశాడు: "ఈ మర ఈ గదిలో అన్నదమ్ములిద్దరూ నడుపుతున్నంత కాలం గది వీళ్లదే."

కన్నం మొత్తం దానితో సరిగ్గా నిండుతుంది. కావాలంటే తాళాలాయన కొలిచి చూసుకోవచ్చు.

అంటే ఆ ఒప్పందం ముప్ఫై ఏళ్ల కిందట, తమ్ముడు చెక్క తొట్టి నెత్తిన పెట్టుకుని గుమ్మం దాటిన పూటే ఆగిపోయింది. అది నాకు తెలుసు. వాడికీ తెలుసు. కేసు మొదటిరోజు బోనులో నిలబడి "ఉన్నంత కాలం" అనబోయే ముందు వాడు ఒకసారి నావైపు చూశాడు. నేను గోడ గడియారంవైపు చూశాను. వాడు అనేశాడు. నా వంతు వచ్చాక నేనూ అనేశాను. అసలు మాట బయటికొస్తే గది ఇద్దరికీ పోతుంది. వాడు మాట పొక్కనివ్వలేదు, నేనూ పొక్కనివ్వలేదు. ఈ ముప్ఫై ఏళ్లలో మేమిద్దరం కలిసి చేసిన పని ఇదొక్కటే. బాగానే చేశాం.

8. ఇందుమూలంగా నా ఆస్తిని ఈ విధంగా పంచుతున్నాను.

నేను నడిపిన మర అంతా, మోటారు, బెల్టు, రాళ్లు, స్టాండు, రేకు తొట్టి, పిండి జారే గుడ్డ గొట్టంతో సహా, నా కూతురికి సర్వహక్కులతో చెందుతుంది.

ఒక్కటి తప్ప. నా మరలో నాన్న నాటిది ఇంకా ఒకటే ఉంది. రెండు రాళ్ల మధ్య సందు సరిచేసే చేతిచక్రం, దానికి అతికిన మరకడ్డీ. పిండి మెత్తగా రావాలన్నా, బరకగా రావాలన్నా దాన్ని తిప్పాలి. నాన్న బొటనవేలు ఆనిన చోట ఇనుము గుంటపడి ఉంది. నా బొటనవేలు కూడా అందులోనే సరిపోతుంది, అందుకే మార్చలేదు. వేరే కారణమేమీ లేదు. తమ్ముడి మరలో ఆ చక్రం ఉండాల్సిన చోట చిన్న గుడ్డ కట్టి ఉంటుందని, వాళ్ల ముందుగది తాళం బాగుచేయడానికి వెళ్లిన తాళాలాయన చెప్పాడు. ఒకసారి తమ్ముడు ఆయనతోనే, "ఆ చక్రం ఒక్కటి ఇమ్మను, కేసు వదిలేస్తాను" అని కబురు పెట్టాడు. "ముందు కేసు వదలమను, తర్వాత కూడా ఇవ్వను" అని నేను తిరిగి కబురు పెట్టాను.

ఆ చక్రం, కడ్డీ నా తమ్ముడికి ఇస్తున్నాను.

మన మాటల్లో మిషనునూ మర అంటాం, తిరిగే స్క్రూనూ మర అంటాం. ఇది ఇన్నేళ్లలో వాయిదాలాయనకు తట్టలేదు, తట్టి ఉంటే ఇంకో పదకొండేళ్లు నడిచేది. కాబట్టి మర నా కూతురికి, మర నా తమ్ముడికి. వాడు దాన్ని ఒక బోల్టు విప్పి తీసుకుపోవచ్చు, దుప్పటి కింద బిగించుకోవచ్చు, చూసుకోవచ్చు. కానీ అది లేకుండా కింద ఆడే మర ఆడదు. అందుకని రోజూ పొద్దున్నే ఎనిమిదింటికి దాన్ని తెచ్చి వాడే తన చేత్తో బిగించాలి, సందు వాడే సరిచేయాలి, సాయంత్రం మర ఆగాక విప్పుకుని ఇంటికి పోవచ్చు. నేను పారేసిన వైపున నా కూతురు నిలబడుతుంది, దాచిన వైపున వాడే నిలబడతాడు. నాన్న రాయించిన మాట దానితో మళ్లీ మొదలవుతుంది. మధ్యలో ముప్ఫై ఏళ్లు ఆగిందిగా అంటే, రాళ్లు మార్చినప్పుడు మర నాలుగు రోజులు ఆగింది. మళ్లీ ఆడాక అది వేరే మర అని ఒక్క నా తమ్ముడు తప్ప ఈ వీధిలో ఎవరూ అనలేదు.

వాడు రాకపోతే? నా కూతురు ఏ లేతు షాపుకో వెళ్లి అలాంటి చక్రమే చేయించి బిగించుకోవచ్చు. అప్పుడూ అది అదే మర అని ఒప్పుకోవాల్సినవాణ్ణి నేనే, పదకొండేళ్లు అదే వాదించాను గనుక. చట్టప్రకారం నేను దాన్ని ఆపలేను. ఆగమని అడుగుతున్నాను, అంతే. అమ్మాయీ, బాబాయి కోసం ఒక నెల చూడు. వాడు ఆలస్యంగా వచ్చే రకం. తిట్టుకుంటూ వస్తాడు. తిట్టనీ. మెత్తటి పిండి వాడికే బాగా కుదిరేది. ఈ మాట వాడికి చెప్పకు, కాగితంలో చదువుకుంటాడు.

తమ్ముడూ, నేను నీకు క్షమాపణ చెప్పడం లేదు. చెక్కకి పురుగు పట్టింది.

9. చివరిగా, సాక్షుల విషయం. మొదటి సాక్షి మందులషాపు ఆయన. రెండో సాక్షిగా మేడమీదాయన్నే పిలుస్తున్నాను. సాక్షి చూడాల్సింది నా సంతకం మాత్రమే, లోపల రాసింది చదవనక్కర్లేదని మా ప్లీడరు అన్నాడు. ఈయన మాత్రం చదవాలి, ఏడో నంబరు రెండుసార్లు చదవాలి. ఆ గది ఆయనది. చదివాక ఒప్పుకోకపోతే సంతకం పెట్టడు, పెట్టకపోతే ఈ కాగితం ఆయన కళ్లముందే పొయ్యిలోకి వెళుతుంది. కాబట్టి దీన్ని ఎవరైనా చదువుతున్నారంటే ఆయన ఏమన్నాడో వాళ్లకు తెలిసినట్టే.

ఇది నేను ఈ నెల పదకొండో తేదీ, గురువారం పొద్దున, కింద మర ఆడుతుండగా, మేడమీద ఆయన బల్ల మీద పెట్టి చేసిన సంతకం.

(సంతకం) మర పెద్దాయన

సాక్షులు:

1. మందులషాపు ఆయన. సంతకం నా ఎదుట చేశారు.

2. మేడమీదాయన. సంతకం నా ఎదుట చేశారు. మొత్తం చదివాను. ఏడో నంబరు రెండుసార్లు చదివాను. పొద్దున ఎనిమిదింటికి బదులు తొమ్మిదింటికి మొదలుపెడితే బాగుంటుంది, మాకు నిద్ర చాలడం లేదు.